కూలికి కాదు, చూసేదానికి పోయినాం

"ఏమిరా, టూరు బోతాండారంటనే? యూనివర్శిటీలో గడ్డి పీకే పనేమన్నా పడిందా?"

నల్లమాడలో టీ బంకు కాడ ఒక పెద్దమనిషి మా పిల్లోళ్ళను అడిగిన మాట ఇది. పక్కనున్నోళ్ళు పకపకా నవ్వినారు. ఆ నవ్వు మనకు కొత్తదేం కాదు. మనోడు మిద్దె కట్టినా నవ్వుతారు, తెల్లచొక్కా తొడిగినా నవ్వుతారు, మన పిల్ల సైకిలెక్కినా నవ్వుతారు. ఆయప్పకు జవాబు రాస్తా కూర్చుంటే ఈ పక్షపత్రిక పేజీలు చాలవు. ఈసారి రాయాల్సింది ఇంకో మాట గురించి. అదే దినం సాయంత్రం మనోడే, మనతోపాటు జెండా మోసినోడే, ఒక సంఘం అన్న మమ్మల్ని నిలదీసినాడు. "బోర్లు ఎండిపోయి జనం సస్తాంటే మీకు షికార్లు గావల్నా? ఆ డబ్బుతో రెండు వేల కరపత్రాలు అచ్చేయొచ్చు గదప్పా!"

పెద్దమనిషి మాటకు కోపమొచ్చింది. అన్న మాటకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇద్దరూ వేరువేరు నోళ్ళతో ఒకే సంగతి చెప్పినారు. దళితుడు ఊరు దాటితే పనికన్నా దాటాల, మీటింగుకన్నా దాటాల. స్నేహితులతో కలిసి, బండి మాట్లాడుకుని, పాటలు పాడుకుంటా, లోకం ఎట్లుందో చూసొచ్చేదానికి మాత్రం దాటకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది మనువే అయినా ఇప్పుడు దాన్ని కాపలా కాసేది మనమే అయిపోయినాం. దీని మీదనే మా తగాదా.

ఇంతకీ జరిగిందేమంటే, ఒక తుఫాను బండి మాట్లాడుకుని పదకొండు మందిమి రెండు దినాలు తిరిగొచ్చినాం. ఇంటర్ చదివేటోళ్ళు, డిగ్రీ చదివేటోళ్ళు, చదువు మానేసి బేల్దారి పనికి పోయేటోళ్ళు. ముగ్గురు ఆడపిల్లలు. ఆడపిల్లల్ని పంపేదానికి ఇండ్లల్లో ఒప్పుకోకపోతే వాళ్ళలో ఒకమ్మాయి తల్లి "నేనూ వస్తా పాండి, నేను మాత్రం ఏం చూసినా" అని బండెక్కింది. మనిషికి నాలుగు దినాల ఉపాధి హామీ కూలి చందా. చిత్రాన్నం, సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరుబిండి, బొరుగులు ఇండ్ల కాడినుంచే మూట కట్టుకున్నాం. బండిలో మాల పిల్లోళ్ళూ ఉన్నారు, మాదిగ పిల్లోళ్ళూ ఉన్నారు. వర్గీకరణ మీద వాదన కదిరిలో మొదలై ముదిగుబ్బ దాటినా ఆగలేదు. ఎవరూ బండి దిగిపోలేదు, ఊరుబిండి మాత్రం అయిపోయింది.

మనోళ్ళు తిరగలేదని ఎవరన్నారు? మన మాదిరి తిరిగినోళ్ళు ఈ దేశంలో ఎవరున్నారు! ఏడాదికి 55 సెంటీమీటర్లు పడితే గొప్ప అనుకునే సీమ మనది. వాన మొహం చాటేస్తే చెనిక్కాయ పోతుంది, చెనిక్కాయ పోతే ఇంటికి తాళం పడుతుంది. రాత్రి బస్సులో బెంగుళూరు, లేదంటే కేరళ. మా వాడలో ఏ ఇంటి ముందర నిలబడి అడిగినా యలహంక చెబుతారు, హెబ్బాళ చెబుతారు, కె.ఆర్. పురం చెబుతారు. ఏ వంతెన కింద పండుకోవచ్చో, ఏ మేస్త్రి కూలి ఎగ్గొడతాడో, ఏ నల్లా కాడ నీళ్ళు పట్టుకోనిస్తారో చెబుతారు. ఎన్ని అంతస్తులకు ఇటుకలు మోసినారో వేళ్ళ మీద లెక్క చెబుతారు. అదే బెంగుళూరులో 1909 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఉంది. దేశంలో సైన్సు చదువుకు పెద్దదిక్కు అది. దాని గోడ పక్కన బస్సులో ఇరవై ఏండ్లు పోయొచ్చినోడిని "లోపల ఏముందన్నా?" అని అడిగితే, "ఏమో, చెట్లు శానా ఉండాయి" అన్నాడు. ఆయనను తప్పు పట్టి ఈ మాట రాయడం లేదు. ఇరవై ఏండ్లు ఒక ఊర్లో బతికిన మనిషికి ఆ గోడ అవతల ఏముందో తెలుసుకునే తీరిక, ధైర్యం, తోడు లేకుండా చేసిందెవరని అడుగుతున్నాం.

దూరం ఎందుకు, మన పక్కనే చూడండి. బుక్కపట్నం అవతల పుట్టపర్తి. దేశదేశాల జనం వచ్చి చూసిపోయే ఊరు. అక్కడ 1981 నుంచి డీమ్డ్ యూనివర్శిటీ ఉంది, 1990లో విమానాలు దిగేదానికి రన్‌వే కూడా వేసినారు. సముద్రాలు దాటొచ్చినోళ్ళకు తెలిసిన ఆ దారి, నల్లమాడ ఎస్సీ కాలనీలో ఇంటర్ చదివే పిల్లకు చదువుల దారిగా ఎవరన్నా చూపించినారా? అటు అనంతపురంలో ఆర్ట్స్ కాలేజీ 1916లో పుట్టింది. ఇంజనీరింగ్ కాలేజీ 1946లో గిండీలో మొదలై 1948లో అనంతపురానికొచ్చింది, 2008లో జేఎన్‌టీయూ అయింది. ఇటుకలపల్లి కాడ 1968లో పీజీ సెంటరుగా మొదలైంది 1981లో శ్రీకృష్ణదేవరాయ యూనివర్శిటీ అయింది. 2018లో సెంట్రల్ యూనివర్శిటీ కూడా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసినాక మనం శ్రీ సత్యసాయి జిల్లాలో పడినాం, ఆ సర్కారు చదువులన్నీ అనంతపురం పక్క మిగిలినాయి. అయినా మన వాడకూ వాటికీ మధ్య వంద కిలోమీటర్ల లోపే. వందేండ్ల కిందటి కాలేజీ వంద కిలోమీటర్ల లోపల ఉంటే, దాన్ని కంటితో చూసినోళ్ళు మా వీధిలో ఎందరని లెక్కేస్తే ఒక చేతి వేళ్ళు చాలినాయి.

షికారు విప్లవద్రోహం అనుకునే అన్నలకు ఒక సంగతి గుర్తుచేయాల. 1934లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ముప్పై మంది దాకా సహచరులతో బస్సులో ఎల్లోరా గుహలు చూసేదానికి బయలుదేరినాడు. అప్పటికే ఆయన కొలంబియాలో చదివొచ్చినాడు, బారిస్టరు, లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చున్నోడు, 1932లో గాంధీ ఎదుట పూనా ఒప్పందం మాట్లాడినోడు. దారిలో నిజాం ఏలుబడిలోని దౌలతాబాదు కోట. అది రంజాన్ నెల. దుమ్ము కొట్టుకుపోయి దిగినోళ్ళు కోట బయటి కొలనులో ముఖం కాళ్ళు కడుక్కున్నారు. అంతే, అంటరానోళ్ళు నీళ్ళు మైలపరిచినారని ఒక ముసలాయన అరుచుకుంటా వచ్చినాడు, గుంపు చేరింది, బూతులు, బెదిరింపులు. మేము మతం మారి వచ్చుంటే కూడా ఇట్లే ఆపుతారా అని బాబాసాహెబు నిలదీసినాక గొడవ సద్దుమణిగింది. కడకు కోట చూడనిచ్చినారు గానీ, లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా వెంట ఒక తుపాకీ సిపాయిని పంపినారు. ఈ సంగతంతా ఆయనే రాసిపెట్టినాడు. ఆ రాత ఆయన పోయినాక ఎన్నో ఏండ్లకు, 1990లో, చిన్న పుస్తకంగా అచ్చయింది.

ఇందులో మనోళ్ళు ఎప్పుడూ ఆ నీళ్ళ గొడవనే చెబుతారు. చెప్పాల్సిందే. అయితే దానికి ముందరి వాక్యం ఎవరూ చదవరు. ఆయన స్నేహితులతో గుహలు చూసేదానికి పోయినాడు! ఉద్యమం నెత్తిన ఉన్న కాలంలో, ఇంత పనున్న మనిషి, పాతకాలం బౌద్ధులు కొండను తొలిచి ఏం చేసినారో కండ్లారా చూడాలనుకున్నాడు. చూడాలని పోయినందుకే ఆ కోట తలుపు కాడ కులం ఎట్లుంటుందో లోకానికి తెలిసింది. ఇంట్లో కూర్చోనుంటే ఆ పేజీ ఉండేది కాదు.

ఇంక మా ప్రయాణం. కదిరి అవతల కటారుపల్లిలో వేమన సమాధి కాడ మొదట ఆగినాం. కులాన్ని నాలుగు ముక్కల్లో కడిగేసినాయన నిద్రపోయే చోటు మనకు దగ్గర్లోనే ఉందని మాలో సగం మందికి ఆ దినమే తెలిసింది. తిమ్మమ్మ మర్రిమాను కూడా చూసినాం. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు, అయిదెకరాల దాకా పరుచుకునింది. నీడ బాగుంది. మొగుని చితిలో కాలిపోయిన ఆడమనిషి కథ దానికి తగిలించి దండం పెట్టమంటారు, అది బాగలేదు. మా ఆడపిల్లలు దండం పెట్టలేదు, ఊడలు పట్టుకుని ఊగినారు.

రెండో దినం ఒక క్యాంపస్ గేటు కాడ (ఏ గేటో పేరెందుకు, అన్ని గేట్లూ ఒకటే) కాపలాదారు బండి ఆపినాడు.

"ఎవురు గావల్ల?"

"ఎవురూ వద్దన్నా. సూసేకి వచ్చినాం" అనింది డిగ్రీ చదివే అమ్మాయి.

"సూసేకి ఇదేమన్నా జూ నా? అడ్మిషనుందా? లోపల ఎవురన్నా సార్లు తెలుసునా?"

మాకెవరూ సార్లు తెలీదు. తెలిసుంటే ఆ గేటు కాడ అంతసేపు నిలబడే పనిలేదు. అదే ప్రశ్న! సార్లు తెలిసినోళ్ళ పిల్లలు పదేండ్ల వయసులోనే నాయిన వెంట లోపలికి పోతారు, క్యాంటీనులో బజ్జీలు తింటారు, లైబ్రరీ మెట్ల మీద ఆడుకుంటారు. వాళ్ళకు పద్దెనిమిదేండ్లు వచ్చేసరికి అది ఇంటి పెరడు మాదిరి అయిపోతుంది. దాన్నే తర్వాత మెరిట్ అంటారు. మన పిల్ల సీటొచ్చిన దినం ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని ఆ గేటును మొదటిసారి చూస్తుంది. లోపల మొదట ఎదురయ్యే ప్రశ్న "నీ ర్యాంకెంత?" ర్యాంకు అడిగినారంటే అర్థం ఏమో మన పిల్లోళ్ళందరికీ తెలుసు.

కాపలాదారు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏ ఊరు?" అన్నాడు. చెప్పినాం. "ఊర్లో ఏ పక్క?" అన్నాడు. ఆ ప్రశ్నా మనకు తెలిసిందే. చెప్పినాం. ఆయప్ప కాసేపు నేల చూసి, "మాదీ ఆ పక్కనే" అని రిజిస్టరు ముందరికి జరిపి, "లైబ్రరీ కాడ సెల్లుతో ఫోటోలు తీయొద్దు, ఎవురన్నా అడిగితే అప్లికేషను కోసరం వచ్చినామని చెప్పండి" అన్నాడు. ఆయన పదిహేనేండ్లుగా ఆ గేటు కాస్తున్నాడంట. ఆయన పిల్లలు ఆ గేటు లోపలికి ఒక్కసారీ రాలేదంట.

లోపల చెట్ల కింద నడిచినాం. తరగతి గదిలో ఎవరూ లేనప్పుడు బెంచీల మీద కూర్చున్నాం. బేల్దారి పనికి పోయే పిల్లోడు మాత్రం గోడ తట్టి చూసి, "ఈ ప్లాస్టరింగు బాగా చేసినారు" అన్నాడు. అందరం నవ్వినాం, వాడు నవ్వలేదు. లైబ్రరీలో ఆ అమ్మాయి అల్మారాల మధ్య నుంచి ఎంతకూ బయటికి రాలేదు. పిలిస్తే, "అక్కా, ఇన్ని పుస్తకాలు చదివేదానికి ఎవరికి పర్మిషనుంటుంది?" అని అక్కడున్న ఉద్యోగిని అడుగుతా ఉంది. సీటొస్తే నీకూ ఉంటుందని ఆమె చెప్పింది. ఇంత చిన్న మాట మన ఊరి బడిలో పన్నెండేండ్లలో ఎవరూ చెప్పలేదు.

అసలు పని జరిగింది హాస్టలు వరండాలో. మన వాడల నుంచి వచ్చి చదివే సీనియర్లు నలుగురు దొరికినారు. రెండు గంటలు మాతో కూర్చున్నారు. ఇంజనీరింగుకు ఈఏపీసెట్, సెంట్రల్ యూనివర్శిటీలకు 2022 నుంచి సీయూఈటీ, మన రాష్ట్రంలో పీజీకి 2021 నుంచి ఒకే పీజీసెట్ అని వరసగా రాసిచ్చినారు. ఏ సర్టిఫికెట్టు ముందే తీసిపెట్టుకోవాల, తహసీల్దారు ఆఫీసులో ఎన్నాళ్ళు పడుతుంది, ఎస్సీలకు కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944 నుంచే ఉందని, అది ఎవరి దయా కాదని చెప్పినారు. వివక్ష జరిగితే ఫిర్యాదు తీసుకునేదానికి ప్రతి యూనివర్శిటీలో ఒక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టిందని, ఆ అధికారి గది ఎక్కడో మొదటి వారంలోనే కనుక్కోవాలని చెప్పినారు. అప్పుడు మాతో వచ్చిన తల్లి ఒక ప్రశ్న అడిగింది. "స్కాలర్‌షిప్పు రాకపోతే పిల్లకు అన్నం ఆపుతారా నాయినా?" సీనియర్లు ఒకరి మొకాలు ఒకరు చూసుకున్నారు. "బాకీ ఉంటే మెస్సులో కార్డు ఆపిన దినాలు ఉండాయమ్మా. అప్పుడు అందరం కలిసి కూర్చుంటాం" అన్నాడు ఒకాయన. ఆమె తల ఊపి కొంగు సర్దుకునింది. ఏ మీటింగులో, ఏ కరపత్రంలో ఆ తల్లికి ఈ జవాబు దొరుకుతుంది?

క్యాంపస్ అంటే స్వర్గం అని మేము రాయడం లేదు. మన పిల్లలు అక్కడ ఎట్ల పోయినారో ఈ పాఠకులకు తెలుసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో 2008లో, తమిళనాడు నుంచి పీహెచ్‌డీకి వచ్చిన సెంథిల్ కుమార్. అదే యూనివర్శిటీలో 2016 జనవరి 17న రోహిత్ వేముల. ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు అందలేదు. అయిదుగురు దళిత విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెళ్ళగొట్టి, నలుగురూ కూడే చోట్లకు రాకూడదన్నారు. ఊర్లో పెద్దలు వేసే వెలి ఇదే గదా! ఆ పిల్లలు కూడా దానికి ఆ పేరే పెట్టినారు. షాపింగ్ కాంప్లెక్సు కాడ డేరా వేసుకుని వెలివాడ అన్నారు. ఊరి నుంచి తప్పించుకుని యూనివర్శిటీకి పోతే, అక్కడా ఊరే ఎదురొచ్చింది.

ఇక్కడే సంఘం అన్నతో మా వాదన. ఒక పిల్లోడు ఒంటరిగా పెట్టె మోసుకుని పోతే వాని వెనక ఎవరూ లేరని క్యాంపస్‌కు తెలుసు. వార్డెనుకు తెలుసు, గుమాస్తాకు తెలుసు, పక్క గదిలోని అగ్రకులం పిల్లోనికి తెలుసు. ఇంట్లో వాళ్ళకు ఆ ఊరికి ఏ బస్సు పోతుందో కూడా తెలీదు. పిల్లోడు ఫోనులో "బాగున్నా నాయినా" అంటే నమ్మడం తప్ప నాయిన ఏం చేస్తాడు? అదే వాడలో పదిమందికి ఆ దారి తెలిసుంటే, ఆ హాస్టల్ వరండాలో కూర్చున్నోళ్ళు ఉంటే, ఆ సీనియర్ల ఫోను నెంబర్లు తల్లి కొంగు ముడిలో ఉంటే, సంగతి వేరుగా ఉంటుంది. కార్డు ఆపిన దినం నల్లమాడ నుంచి ఒక తుఫాను బండి వచ్చి గేటు ముందర ఆగుతుంది. కారంచేడు తర్వాత 1985లో మనోళ్ళు చీరాల శిబిరానికి పోయినారు, 1991లో చుండూరుకు పోయినారు. శవాలు లేచినాక బండి కట్టేది మనకు బాగా వచ్చు. పిల్లోడు బతికుండంగనే ఒకసారి బండి కట్టండి అని అడుగుతున్నాం.

తిరుగుదారిలో లేపాక్షి పోయినాం. అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ కట్టించినారని బోర్డులున్నాయి. గాలిలో వేలాడే స్తంభం కింద మా పిల్లోళ్ళు కూడా గుడ్డ దూర్చి లాగినారు. పురావస్తు శాఖ చేతిలో ఉన్న గుడి కాబట్టి గడప కాడ ఎవరూ కులం అడగలేదు. ఊర్లో గుడి కాడ సంగతి రాయాల్సిన పనిలేదు. ఒక చోట బండ మీద పళ్ళాల మాదిరి గుంటలు చెక్కి ఉన్నాయి. ఇవి పని చేసిన శిల్పులు అన్నం తిన్న రాతి పళ్ళాలు అని గైడు చెప్పినాడు. మా తల్లి దగ్గరికి పోయి వంగి చేత్తో తడిమి చూసింది.

"రాళ్ళు మోసినోళ్ళు గూడ ఈడనే తిన్యారా సామీ? అందరూ ఒగే తావ?"

గైడు రాజులు గురించి చెప్పే పాఠం ఆపినాడు. తెలీదమ్మా అన్నాడు. ఆ గుడి మీద వచ్చిన పుస్తకాలెన్నో ఉంటాయి గదా, ఈ ప్రశ్న అడిగినోళ్ళు ఎందరుంటారు? ఆమె బెంగుళూరులో పదేండ్లు ఇటుకలు మోసింది, అందుకే అడిగింది. మనం పోయి చూడకపోతే ఆ బండలు కూడా వాళ్ళు చెప్పినట్లే మాట్లాడతాయి.

ఇంక డబ్బు లెక్క. నాలుగు దినాల కూలి మాకు చిన్నది కాదు. దానికి ఇద్దరు చీటీ డబ్బు ముందే ఎత్తుకున్నారు. అయితే అన్నా, జాతరకు బండి కట్టినప్పుడు మీరు ఎవరినీ అడగలేదే? లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీకి చందా ఇచ్చినప్పుడు కరువు గుర్తురాలేదే? కరపత్రం కావాల, కాదనేవాళ్ళం కాదు. మేము తిరిగొచ్చినాక ఇద్దరు పిల్లలు సీయూఈటీ పుస్తకం కొన్నారు. బేల్దారి పిల్లోడు ఓపెన్ ఇంటర్‌కు ఫీజు కట్టేదానికి కదిరికి పోయినాడు. ఆ తల్లి వాడంతా తిరిగి లైబ్రరీ గురించి చెబుతా ఉంది, తాను చదవలేని పుస్తకాల గురించి! ఇవన్నీ నిలుస్తాయని ఇప్పుడే చెప్పలేం. కొన్ని పోతాయి. పోయినాయని షికారు దండగ అనొద్దు.

ఆడపిల్లల మీద ఊర్లో నాలుగు మాటలు లేచినాయి. రాత్రి అనంతపురంలో ఎక్కడ పండుకున్నారు, ఎవరితో పండుకున్నారు అని. మన వాడలోనే లేచినాయి. దానికి ఆ తల్లే నడివీధిలో నిలబడి జవాబు చెప్పింది. ఆ భాష ఇక్కడ అచ్చేస్తే పత్రిక నడవదు.

సంక్రాంతి దాటినాక హైదరాబాదు పోవాలనుకుంటున్నాం. ధర్మవరంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాచిగూడ. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ చూస్తాం, చార్మినార్ చూస్తాం, రోహిత్ చదివిన యూనివర్శిటీ చూస్తాం. సెంట్రల్ యూనివర్శిటీలో మనోళ్ళ సంఘం పిల్లలతో మాట్లాడాలని ఇప్పటికే కబురు పంపినాం. ఈసారి ఇద్దరు నాయినలు కూడా వస్తామన్నారు. చుట్టుపక్కల వాడల వాళ్ళు వచ్చేటట్లయితే ఇప్పుడే చెప్పండి, టికెట్లు ముందే తీయాల. తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాల, ఊరుబిండి మాత్రం ఎక్కువ తెచ్చుకోండి.

కరపత్రాల అన్నకు కూడా ఒక టికెట్టు తీస్తామని చెప్పినాం. చూస్తాలే అన్నాడు.